సభాపర్వంలో ద్రౌపది శ్రీకృష్ణుణ్ణి పిలిచిందా? పూనా ప్రతి గురించి ఒక సందేహం

గోదావరి ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఊరి రామాలయంలో శ్రీరామనవమి పందిరి కింద చిన్నప్పుడు విన్న హరికథల్లో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుండేది ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టం. దాసు గారు అప్పటిదాకా గలగలలాడించిన చిడతలను ఒక్కసారిగా ఆపి, నడుముకు చుట్టిన ఉత్తరీయాన్ని ఒక చేత్తో పట్టుకొని రెండో చేతిని పైకెత్తేవారు. కాసేపటికి ఉత్తరీయాన్ని కూడా వదిలేసి, రెండు చేతులూ జోడించి "శంఖచక్రగదాపాణే, ద్వారకానిలయాచ్యుత" అని ఎత్తుకోగానే పందిట్లోని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకొనేవారు. ఒక చేయి పట్టు వదలనంత వరకు స్వామి రాలేదనీ, రెండు చేతులూ వదిలినప్పుడే వచ్చాడనీ మా నాయనమ్మ ఆ రాత్రి ఇంటికి వచ్చాక మళ్ళీ చెప్పేది.

ఇటీవల సంస్కృతం చదువుకుంటున్న మా అన్నయ్య కూతురు సెలవులకు వచ్చి, పూనా భండార్కర్ సంస్థవారు పరిష్కరించిన మహాభారతంలో ఆ ప్రార్థన లేదనీ, దాన్ని అడుగున చిన్న అక్షరాల్లో వేశారనీ చెప్పింది. నేను నమ్మలేదు. తరువాత తన ఫోనులోనే పుట చూపించింది. ఏ ఆధారంతో ఇంత పని చేశారు? ప్రార్థన లేకపోతే చీరలు ఎక్కడి నుంచి వచ్చినట్టు? పండితులు వ్యాసుని మాటను తమ ఇష్టానికి కత్తిరించడమేనా ఇది, లేక నాకు తెలియని పద్ధతి ఏదైనా ఉందా? తెలిసినవారు కాస్త విపులంగా చెప్పగలరని మనవి.

తాళపత్రం

మీ అన్నయ్య గారి అమ్మాయి చూపించినది నిజమే. అయితే ఆ పరిష్కర్తలు దేనినీ పారవేయలేదని ముందుగా గ్రహించాలి. ఆ ప్రతిలో ప్రతి పుటకూ రెండు అంతస్తులు ఉంటాయి. పైన, దొరికిన సాక్ష్యాన్ని బట్టి అన్నిటికంటే ప్రాచీనమని తేలిన పాఠం ఉంటుంది. అందులో కూడా సంపాదకునికి పూర్తి నమ్మకం కుదరని పదాల కింద అలలాంటి గీత వేసి ఉంటుంది. కింద, ఏ వ్రాతప్రతిలో ఏ పదం ఎలా మారిందో, ఏ శ్లోకం అదనంగా ఉందో వివరం ఉంటుంది. అదనపు శ్లోకాలకు నక్షత్రపు గుర్తు పెడతారు, మరీ పొడవైన వాటిని అనుబంధంలో చేరుస్తారు. వినాయకుడు గంటం పట్టి భారతం వ్రాసిన కథ కూడా ఇలాగే ఆదిపర్వం అనుబంధానికి చేరింది. ఆ కథ దక్షిణాది వ్రాతప్రతుల్లో చాలా వాటిలో కనబడదని వింటర్నిట్జ్ అనే పండితుడు పూనాలో పని మొదలు కావడానికి ఇరవై ఏళ్ళ ముందే గుర్తించాడు.

పని 1919లో మొదలైంది. 1925లో విష్ణు సీతారామ్ సుక్థంకర్ ప్రధాన సంపాదకులయ్యాక దానికి ఒక శాస్త్రం ఏర్పడింది. ఆదిపర్వం 1933లో పూర్తి అయింది. ఆయన 1943లో మరణించారు. తరువాత బేల్వల్కర్, ఆపై పి.ఎల్. వైద్య ఆ బాధ్యతను మోశారు. 1966 నాటికి పద్దెనిమిది పర్వాలూ ముగిశాయి. మొత్తం మీద 1,259 వ్రాతప్రతులను పోల్చి చూశారు. పోల్చడమంటే తిరగేయడం కాదు: ఒక్కో శ్లోకానికి ఒక్కో గళ్ళ కాగితం, గడికి ఒక అక్షరం చొప్పున పైన శ్లోకం వ్రాసి, దాని కింద వరుసగా ఒక్కో ప్రతిలో మారిన అక్షరాన్ని ఆయా గడిలోనే నింపుతూ పోవడం. పూనాలో ఒకచోట కూర్చుని అన్ని లిపులూ చదవడం అయ్యే పని కాదు కనుక, వంగలిపి ప్రతుల కోసం శాంతినికేతనంలోను, దక్షిణాది లిపుల కోసం తంజావూరు సరస్వతీ మహలులోను ఈ పని సాగింది.

ఇక ఏది ప్రాచీనమని ఎలా నిర్ణయిస్తారన్నది అసలు విషయం. ఎక్కువ ప్రతుల్లో ఉన్నది నిజమనుకుంటే పొరపాటు. ఆదిపర్వానికి తెలిసిన 235 ప్రతుల్లో 107 దేవనాగరి లిపిలోనివి, 28 తెలుగు లిపిలోనివి, కాశ్మీరపు శారదా లిపిలోనివి మూడంటే మూడే. అయినా సుక్థంకర్ ఆ శారదా పాఠానికి పెద్ద పీట వేశారు. ఎందుకంటే అది క్లుప్తమైనది, తరువాతి చేర్పులకు తక్కువ లోనైనది. దేశానికి ఆ కొసన ఉన్న కాశ్మీర ప్రతి, ఈ కొసన ఉన్న మలయాళ ప్రతి ఒకదాన్నొకటి ఎన్నడూ చూసుకోని లేఖకుల చేతుల్లో పెరిగి కూడా ఒకే మాట చెబితే, ఆ మాట రెండూ విడిపోకముందు నుంచి ఉన్నదని అనుకోవచ్చు. ఒక శ్లోకం ఒక ప్రాంతపు ప్రతుల కుటుంబంలో ఉండి మరొక కుటుంబంలో లేకపోయినా, లేదా ఉన్నచోట్లలోనే తలా ఒక రకంగా ఉన్నా, దాన్ని అనుమానించవలసి వస్తుంది. లేఖకుడు ఎండలో కూర్చుని ఒక శ్లోకం మరచిపోవడం కద్దు గాని, భక్తితో ఒక శ్లోకం చేర్చడం అంతకంటే ఎక్కువ కద్దు.

ఇప్పుడు మీ ఘట్టానికి వద్దాం. సభాపర్వాన్ని పరిష్కరించినది అమెరికా పండితుడు ఫ్రాంక్లిన్ ఎడ్జర్టన్; 1944లో వెలువడింది. ప్రార్థన ఉన్న ప్రతుల్లో అది ఒక్కలా లేదు. మీ దాసు గారు పాడిన "శంఖచక్రగదాపాణే" దక్షిణాది పాఠం. ఉత్తరాది పాఠం "గోవింద ద్వారకావాసిన్ కృష్ణ గోపీజనప్రియ" అని ఎత్తుకొంటుంది. ఆ రెండో దానిలోని "గోపీజనప్రియ" అన్న పిలుపును కాస్త ఆగి చూడండి. శిశుపాలుడు రాజసూయంలో పూతననూ గోవర్ధనాన్నీ ఎత్తిపొడుస్తాడు గాని, గోపికల కథ భారతంలో లేదు. గోపకులంలోని బాల్యమంతా విస్తరంగా వచ్చేది హరివంశంలో. చీరలు ఇచ్చినదెవరన్న దాని మీద కూడా ప్రతులకు ఏకాభిప్రాయం లేదు: కృష్ణుడు మొర విని పరుగున వచ్చాడంటూనే, ధర్ముడు మరుగున ఉండి నానావిధ వస్త్రాలతో ఆమెను కప్పాడనే శ్లోకమూ పక్కనే కనిపిస్తుంది.

వీటన్నిటినీ కిందికి దించాక పైన మిగిలినది ఇది (61వ అధ్యాయం, 41వ శ్లోకం):

ఆకృష్యమాణే వసనే ద్రౌపద్యాస్తు విశాంపతే
తద్రూపమపరం వస్త్రం ప్రాదురాసీదనేకశః

"రాజా, ద్రౌపది వస్త్రం లాగబడుతూ ఉండగా, అటువంటిదే మరొక వస్త్రం మళ్ళీ మళ్ళీ ప్రత్యక్షమైంది." అంతే. ఎవరు ఇచ్చారో చెప్పలేదు. సభలో హాహాకారం పుడుతుంది, మనకు నన్నయ గారి "కురువృద్ధుల్ గురువృద్ధబాంధవులు" పద్యంగా నోటికి వచ్చిన భీముని ప్రతిజ్ఞ వస్తుంది, ఆపై సభ నడుమ బట్టల రాశి పోగుపడగా దుశ్శాసనుడు అలసి, సిగ్గుపడి కూలబడతాడు. దైవసహాయం ఏదీ పేర్కొనకుండా, ధర్మమే తనంతట తాను అడ్డుపడినట్టు కవి సూచించాడని ఎడ్జర్టన్ అభిప్రాయం. నా మట్టుకు నాకు ఈ మౌనం ప్రార్థన కంటే భయంకరంగా తోస్తుంది.

హరికథాభిమాని

తాళపత్రం గారి వివరణ ఎంతో శ్రద్ధగా ఉంది, కాదనను. కాని నాదొక ఆక్షేపణ. పూనా వారు తయారు చేసిన పై అంతస్తు పాఠం ఉన్నది ఉన్నట్టుగా ఏ ఒక్క తాళపత్ర గ్రంథంలోనూ లేదు. దాన్ని ఏ గుడిలోనూ ఎవరూ పురాణం చెప్పలేదు, ఏ తండ్రీ కొడుకుకు చదివి వినిపించలేదు. అది కూడిక తీసివేతలతో వచ్చిన గ్రంథం. సిల్వాన్ లెవీ వంటి పాశ్చాత్య పండితుడే, నీలకంఠుని పాఠాన్ని పైన ఉంచి పాఠాంతరాలను కింద ఇస్తే చాలునని సలహా ఇచ్చాడు. పదిహేడవ శతాబ్దంలో కాశీలో కూర్చుని భారతభావదీపం అనే వ్యాఖ్య వ్రాసిన నీలకంఠుడు కూడా అనేక దేశాల ప్రతులు తెప్పించి చూసుకొన్నవాడే. ఆయనకు ప్రార్థన అడ్డు రాలేదు.

పైగా ఇప్పుడు మనకు దొరికే వ్రాతప్రతుల్లో అయిదు వందల ఏళ్ళు దాటినవి చాలా అరుదు. వాటిని పోల్చి, రెండు వేల ఏళ్ళ నాటి మాట ఇదీ అని చెప్పడం, మునిమనవళ్ళ ముఖాలు చూసి ముత్తాత ముక్కు గీసినట్టు లేదూ? ప్రార్థన తరువాత చేరిందనే అనుకుందాం. చేర్చినవాడికి ఆ చోట అది ఎందుకు అవసరమనిపించిందో ఆలోచించకుండా దాన్ని అడుక్కి నెట్టేస్తే, ఇన్ని తరాల శ్రోతలు ఆ కథను ఎలా అర్థం చేసుకొన్నారో మనకు తెలియకుండా పోతుంది. గీతాప్రెస్ వారు నీలకంఠ పాఠంలో దాక్షిణాత్య శ్లోకాలను కూడా కలిపి ముద్రించారు. మన వావిళ్ళ వారు 1931–33 మధ్య పి.పి.ఎస్. శాస్త్రి గారి చేత దాక్షిణాత్య పాఠాన్ని ప్రత్యేకంగా పరిష్కరింపజేసి వెలువరించారు. గోదావరి ఒడ్డు గారూ, మీ ఇంట్లో చదువుకోవడానికి అవి చాలునని నా మనవి.

తాళపత్రం

మునిమనవళ్ళ పోలిక బాగుంది, ఒప్పుకొంటాను. సుక్థంకర్ కూడా తాను వ్యాసుని మూలగ్రంథాన్ని తవ్వి తీశానని చెప్పుకోలేదు. దొరికిన ప్రతుల ఆధారంతో చేరుకోగలిగినంత పాత రూపం అన్నారు. అయితే ఆయన వ్రాతప్రతుల మీదనే ఆధారపడ్డారనడం సరికాదు. వాటికంటే పాతవైన అనువాదాలనూ సంగ్రహాలనూ సాక్ష్యానికి పిలిచారు. సుమారు క్రీ.శ. 1000 నాటి జావా భాషా భారతం, కాశ్మీరంలో పదకొండవ శతాబ్దంలో క్షేమేంద్రుడు కూర్చిన భారతమంజరి, వాటితో పాటు అదే శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో పుట్టిన మన నన్నయ భారతం. నన్నయ ముందున్న తాళపత్రం ఏనాడో చెదలకు పోయింది గాని, ఆదిలో ఆయన ఒక్కో పర్వానికి చెప్పిన శ్లోకసంఖ్యలు అలాగే మిగిలాయి. తెలుగు పద్యకావ్యం పూనాలో సంస్కృత గ్రంథానికి సాక్షిగా నిలబడిందంటే మనం కొంచెం గర్వపడవచ్చు. తెలుగు లిపిలోని సంస్కృత ప్రతులకు మాత్రం అంత మర్యాద దక్కలేదు; అవి ఉత్తరాది, దక్షిణాది పాఠాలను ఒక పద్ధతి లేకుండా కలుపుకొన్నాయని సంపాదకుల ఫిర్యాదు.

వ్యాకరణ విద్యార్థిని

పెద్దలిద్దరికీ నమస్కారములు. వాదన అంతా 61వ అధ్యాయం చుట్టూ తిరుగుతోంది గనుక, పూనా ప్రతి పై అంతస్తులోనే, అంటే ఎవరూ ప్రక్షిప్తమని (తరువాత చేర్చినదని) అనని చోట, ఇదే విషయం మీద ఉన్న మూడు శ్లోకాలను మీ ముందు ఉంచుతాను.

మొదటిది అంతకు ముందు అధ్యాయంలోనే ఉంది. దుశ్శాసనుడు ఆమెను జుట్టు పట్టి ఈడుస్తూ అనే మాట ఇది:

కృష్ణం చ జిష్ణుం చ హరిం నరం చ
త్రాణాయ విక్రోశ నయామి హి త్వామ్

"కృష్ణుణ్ణీ జిష్ణువునూ (అర్జునుణ్ణీ), హరినీ నరునీ, కాపాడమని అరుచుకో, నిన్ను తీసుకుపోయేది మాత్రం ఖాయం." ఈ శ్లోకానికి ముందు పాదం "కేశేషు కృష్ణేషు తదా స కృష్ణామ్" అని ఉంటుంది: నల్లని జుట్టు, కృష్ణ అనే పేరుగల ఆమె, వెంటనే కృష్ణుడు, ముగ్గురికీ ఒకే పదం. ఇక్కడ "విక్రోశ" అన్నది లోట్, అంటే ఆజ్ఞార్థకం. వాడు ఎగతాళిగా అంటున్నాడు. నీలకంఠుని పాఠంలో ఇది "విక్రోశతి" అని వర్తమానంలోకి మారి, మొర ఆమె నోటి మాటే అయిపోయింది. పాదం చివర ఇంత చిన్న మార్పుతో దుశ్శాసనుని వెటకారం ద్రౌపది ప్రార్థనగా మారిన తీరు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

రెండవది అరణ్యపర్వం 13, 14, 15 అధ్యాయాలు. కామ్యకవనానికి కృష్ణుడు వచ్చినప్పుడు ద్రౌపది ఏడుస్తూ నిలదీస్తుంది: పాండవుల భార్యను, నీకు సఖిని, ధృష్టద్యుమ్నుని తోబుట్టువును, నన్ను సభలోకి ఎలా ఈడ్చారు? నాకు భర్తలు లేరు, కొడుకులు లేరు, అన్నదమ్ములు లేరు, తండ్రి లేడు, "నైవ త్వం", నువ్వూ లేవు. దీనికి కృష్ణుడు, "నేను అదృశ్యంగా వచ్చి చీరలు ఇచ్చాను కదా" అని అనడు. ఆ సమయంలో సాల్వునితో యుద్ధానికి పోయి ద్వారకలో లేననీ, ఉండి ఉంటే పిలవకపోయినా వచ్చి జూదం ఆపేవాడిననీ, తిరిగి వచ్చాకే మీ కష్టం యుయుధానుని (సాత్యకి) వల్ల విన్నాననీ చెబుతాడు. కాపాడినవాడు చెప్పే మాటలా ఇవి? ఈ సంవాదం చదివాక, 61వ అధ్యాయంలోని ప్రార్థన తరువాతి కాలానిదనే నేనూ అనుకొన్నాను.

మూడవది చూసేవరకు. ఉద్యోగపర్వం 58వ అధ్యాయంలో సంజయుడు కృష్ణార్జునుల అంతఃపురానికి వెళ్ళి తాను చూసినదీ విన్నదీ ధృతరాష్ట్రునికి చెబుతాడు. కృష్ణుని పాదాలు అర్జునుని ఒడిలో ఉన్నాయి. అర్జునుని పాదాలు ద్రౌపది, సత్యభామల ఒడిలో ఉన్నాయి. అక్కడ, ద్రౌపది వింటూ ఉండగా, కృష్ణుడు అన్న మాట ఇది:

ఋణమేతత్ ప్రవృద్ధం మే హృదయాన్నాపసర్పతి
యద్గోవిందేతి చుక్రోశ కృష్ణా మాం దూరవాసినమ్

"దూరాన ఉన్న నన్ను కృష్ణ (ద్రౌపది) 'గోవిందా' అని ఎలుగెత్తి పిలిచిందే, ఆ అప్పు పెరిగిపోయింది, నా గుండెను విడిచి పోవడం లేదు."

కనుక ఆమె పిలిచింది. ఏ క్షణంలో పిలిచిందో సభాపర్వపు పై అంతస్తు చెప్పదు గాని, పిలిచిందన్న మాట భారతంలో స్థిరంగా ఉంది. ఆ మాట వల్లనే పూనా పాఠాన్ని తప్పుపట్టి, ప్రార్థన మొదటి నుంచీ ఉన్నదేనని వాదించినవారూ ఉన్నారు. నాకు మాత్రం ఈ శ్లోకం ఇంకో దారి చూపుతోంది. "అప్పు" అంటున్నాడు. చీరలు ఇచ్చి మానం కాపాడి ఉంటే అప్పు ఆనాడే తీరి ఉండేది కదా! ఆమె పిలిచింది, తాను దూరంగా ఉన్నాడు, రాలేకపోయాడు. అందుకే ఆ పిలుపు ఇంకా బాకీగా ఉంది. ఈ రీతిగా చదివితే కామ్యకవనంలోని "నువ్వూ లేవు" అన్న నిందకూ దీనికీ పొత్తు కుదురుతుంది. ఆ బాకీ ఎలా తీర్చాడన్నదే ఉద్యోగపర్వం నుంచి మిగిలిన కథ. ప్రార్థన శ్లోకాలు చేర్చినవారు కూడా గాలిలో నుంచి చేర్చలేదు. దుశ్శాసనుని వెటకారం, కృష్ణుని ఒప్పుకోలు, ఈ రెంటి నడుమ ఉన్న ఖాళీలో ఆమె గొంతు ఎలా ఉండి ఉంటుందో ఊహించి నింపారు. నింపడంలో బాకీని కూడా అక్కడికక్కడే చెల్లు చేసేశారు.

హరికథాభిమాని

అమ్మా, మీ మూడవ శ్లోకం చదివి చాలాసేపు ఏమీ వ్రాయలేకపోయాను. ఒక్క మాట మాత్రం అంటాను: అంతర్యామి అయిన వాడు రానక్కరలేకుండానే ఇవ్వగలడని, ఇచ్చి కూడా ఇంకా బాకీ ఉన్నాననుకోవడం ఆయన స్వభావమని మా గురువు గారు చెప్పేవారు. పెట్టినవాడికి పెట్టినది గుర్తుండదు, పిలిచినవారి గొంతు గుర్తుంటుంది. వ్యాకరణం దీనికి ఒప్పుకోకపోవచ్చు. కామ్యకవనంలో యుయుధానుని వల్ల విన్నానన్న మాటకు మాత్రం నా దగ్గర ఇప్పటికి సమాధానం లేదు. అది లీల అని దాటవేయడం నాకే తృప్తిగా లేదు.

గోదావరి ఒడ్డు

ఇంత ఓపికగా చెప్పిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అన్నయ్య కూతురికి ఫోను చేసి "ఋణమేతత్ ప్రవృద్ధం" శ్లోకం చదివి వినిపించాను. అది నవ్వి, "బాబాయ్, మన వడ్డీ కూడా ఆ వృద్ధి నుంచి వచ్చిందే" అన్నది. నాకు తెలిసింది చేబదుళ్ళ లెక్కే కనుక ఆ మాటతో శ్లోకం నాకు బాగా అర్థమైంది. పదమూడేళ్ళకు ఆ అప్పు ఎంతకు పెరిగి ఉంటుందో ఆయనకే తెలియాలి.

మా నాయనమ్మ ఉండి ఉంటే ఈ మూడు శ్లోకాలూ విని ఏమనేదో నాకు తెలుసు: కామ్యకవనం దగ్గర కృష్ణుణ్ణి రెండు తిట్టి, ఉద్యోగపర్వం దగ్గర మళ్ళీ కళ్ళు ఒత్తుకొనేది.

మా ఊరి గ్రంథాలయంలో వావిళ్ళ వారి దాక్షిణాత్య పాఠం సంపుటాలు కొన్ని అద్దాల బీరువాలో ఉన్నాయి. తాళం చెవి ఉన్నాయన శనివారం వస్తాడు. సభాపర్వం ఆ వరుసలో ఉంటే, అక్కడ "విక్రోశ" అని ఉందో "విక్రోశతి" అని ఉందో చూసి ఇక్కడే వ్రాస్తాను.